టెలికాం కంపెనీలకు జరిమానా వేస్తే వినియోగదారుడికి ఒరిగేదేమిటి?

పోటీని దెబ్బతీసిందంటూ ఫలానా టెలికాం కంపెనీకి వందల కోట్ల జరిమానా పడిందన్న వార్త చదవగానే, నెలనెలా బిల్లు కట్టేవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. ఆ డబ్బులో మనకేమైనా ముడుతుందా? ముట్టకపోగా, ఆ భారాన్ని కంపెనీ రేపు మన నెత్తినే వేస్తుందా? మొదటిదానికి జవాబు: ముట్టదు. రెండోదానికి జవాబు: మామూలుగా అయితే వేయలేదు. రెండింటికీ కారణాలున్నాయి, చూద్దాం. అయితే వినియోగదారుడికి మేలు జరిగిందా లేదా అన్నది తేలేది ఇంకోచోట. జరిమానా అంకె రాశాక ఆ ఉత్తర్వులో ఇంకేం రాశారు? హోల్‌సేల్ ధర, అంటే పోటీ కంపెనీలకు తన నెట్‌వర్క్‌ను అద్దెకిచ్చే ధర, ఎంతకు తగ్గించమన్నారు, ఎన్ని రోజుల్లో, చేయకపోతే రోజుకు ఎంత? బిల్లును తగ్గించే శక్తి ఆ పేరాలకే ఉంటుంది.

డబ్బు ఎటు పోతుంది

మన సీసీఐ, అంటే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, వేసే జరిమానాలు భారత సంచిత నిధిలో జమవుతాయి. యూరోపియన్ కమిషన్ వేసేవి యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌లో కలుస్తాయి. ఆ మేరకు సభ్యదేశాలు కట్టాల్సిన వాటా తగ్గుతుంది. సొమ్ము ఖజానాకు చేరడం మంచిదే. కానీ ఐదేళ్లపాటు అదనంగా చెల్లించిన చందాదారుడికీ, ఆ కంపెనీ సిమ్ ముఖం కూడా చూడనివాడికీ అందులో దక్కేది సమానమే.

కంపెనీలో ప్రభుత్వానికే వాటా ఉంటే లెక్క ఇంకా మారుతుంది. వొడాఫోన్ ఐడియా బాకీలను ప్రభుత్వం వాటాలుగా మార్చుకోవడంతో, 2025 ఏప్రిల్ నాటికి ఆ కంపెనీలో కేంద్రం వాటా 48.99 శాతానికి చేరింది. అలాంటి కంపెనీకి జరిమానా వేస్తే, దాదాపు సగం భారం వేసినవాళ్లకే తగులుతుంది. జర్మనీలో డాయిష్ టెలికాం వంటి, ప్రభుత్వ వాటా ఉన్న పాత గుత్తాధిపత్య సంస్థల విషయంలోనూ ఇదే చిక్కు.

భారం మన మీద పడుతుందా

జరిమానా ఒక్కసారి పడే ఖర్చు. ఇంకో వెయ్యి మంది చందాదారులు చేరినా, పదివేల మంది వెళ్లిపోయినా ఆ మొత్తం మారదు. టారిఫ్ పెట్టేటప్పుడు కంపెనీ చూసుకునేది ముఖ్యంగా రెండు: ఒక్కో చందాదారుడికి అదనంగా అయ్యే ఖర్చు, ధర పెంచితే ఎంతమంది వదిలి వెళ్లిపోతారన్న అంచనా. జరిమానా ఈ రెండింటినీ కదపదు. ఇంకో పది రూపాయలు పెంచితే లాభం పెరిగే వీలుంటే, జరిమానా పడేదాకా ఆగకుండా అంతకుముందే పెంచేసేది. అందుకే ‘జరిమానాలు చివరికి వినియోగదారుడి మీదే పడతాయి’ అని కంపెనీలు చేసే వాదన చాలా సందర్భాల్లో నిలవదు.

నిలిచే సందర్భాలు మూడున్నాయి. నియంత్రణ సంస్థ ఖర్చులను లెక్కగట్టి, దానిపై ఇంత లాభమని కలిపి టారిఫ్ నిర్ణయించే పద్ధతి ఉన్నచోట, జరిమానాను ఖర్చుల కింద చూపనిస్తే అది నేరుగా బిల్లులోకి వస్తుంది. అది కుదరదని నిబంధనలో రాసి ఉండాలి. రెండోది, మార్కెట్లో ఉన్న రెండు మూడు కంపెనీలకూ ఒకేసారి జరిమానా పడినప్పుడు, అందరూ కలిసి ధర పెంచడానికి అదొక సాకుగా పనికొస్తుంది. మూడోది అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీ. దానికి ధర పెంచే సత్తా ఉండదు, కొత్త టవర్ల మీద ఖర్చు ఆపేస్తుంది. బిల్లు అంతే ఉంటుంది, సిగ్నల్ తగ్గుతుంది. ఈ మూడో నష్టం ఏ టారిఫ్ పట్టికలోనూ కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు.

భయం పుట్టించే లెక్క

డబ్బు మన చేతికి రాకపోయినా, మళ్లీ అలాంటి పని చేయకుండా కంపెనీని భయపెడితే అదీ లాభమేగా? నిజమే. జరిమానాను సమర్థించే అసలు కారణం ఇదే. అయితే భయం పుట్టాలంటే లెక్క కుదరాలి. కాగితం మీద ఒకసారి వేసి చూద్దాం.

ఒక కంపెనీకి కోటి మంది చందాదారులు. నెలకు సగటున 200 రూపాయలు. అందులో 10 రూపాయలు పోటీ లేకపోవడం వల్ల అదనంగా గుంజుతున్నవి. అదనపు రాబడి నెలకు 10 కోట్లు, ఏడాదికి 120 కోట్లు, ఐదేళ్లకు 600 కోట్లు. కంపెనీ వార్షిక టర్నోవర్ 2,400 కోట్లు. చాలా దేశాల చట్టాల్లో జరిమానాకు గరిష్ఠ పరిమితి టర్నోవర్‌లో 10 శాతం, అంటే ఇక్కడ 240 కోట్లు. కచ్చితంగా దొరికిపోయి, గరిష్ఠ జరిమానా కట్టినా కంపెనీకి ఇంకా 360 కోట్లు మిగులుతాయి. పైగా దొరకడం కచ్చితం కాదు. ఇలాంటివి ఐదింట్లో ఒక్కటే బయటపడుతుందనుకుంటే, భయం పుట్టాలంటే జరిమానా 3,000 కోట్లుండాలి. అది కంపెనీ ఏడాది రాబడి కంటే ఎక్కువ. అంత వేస్తే కంపెనీ మూతపడుతుంది, మార్కెట్లో ఒక పోటీదారు తగ్గుతారు, దాని నష్టం మళ్లీ మనకే.

ఈ ఇరకాటం నుంచి బయటపడటానికి ఒక్కోచోట ఒక్కో దారి పట్టారు. యూరోపియన్ కమిషన్ 2006 మార్గదర్శకాల ప్రకారం, తప్పు జరిగిన సేవ అమ్మకాల విలువలో 30 శాతం వరకు తీసుకుని, దాన్ని తప్పు సాగిన సంవత్సరాల సంఖ్యతో హెచ్చిస్తారు. కుమ్మక్కయి ధరలు పెట్టినట్టు తేలితే మరో 15 నుంచి 25 శాతం అదనం. అయినా మొత్తం ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాటకూడదు. మన దేశంలో 2017లో ఎక్సెల్ క్రాప్ కేర్ కేసులో సుప్రీంకోర్టు, తప్పు జరిగిన వ్యాపారపు టర్నోవర్ మీదే జరిమానా లెక్కగట్టాలంది. 2023 చట్టసవరణ దాన్ని మార్చి ప్రపంచవ్యాప్త టర్నోవర్‌ను ప్రాతిపదిక చేసింది. అది 2024 మార్చిలో అమల్లోకి వచ్చింది. పది రకాల వ్యాపారాలున్న పెద్ద గ్రూపులకు ఈ మార్పు గట్టిగా తగులుతుంది. టెలికాం ఒక్కటే చేసే కంపెనీకి పెద్ద తేడా ఉండదు.

ఏ తప్పుకు జరిమానా వేశారన్నదీ చూడాలి

టెలికాంలో పోటీని దెబ్బతీసే పనులు స్థూలంగా రెండు రకాలు. ఒకటి, ఉన్న కంపెనీలు కుమ్మక్కవడం. రెండోది, కొత్తగా వచ్చేవాడిని రానివ్వకపోవడం. మొదటిదానికి జరిమానా కొంతవరకు మందు. రెండోదానికి జరిమానా ఒక్కటే వేసి ఊరుకుంటే దాదాపు ఏమీ మారదు.

కుమ్మక్కుకు పేరుపడ్డ ఉదాహరణ ఫ్రాన్స్. 2005 నవంబరులో అక్కడి పోటీ మండలి మూడు మొబైల్ కంపెనీలకు కలిపి 53.4 కోట్ల యూరోల జరిమానా వేసింది: ఆరెంజ్‌కు 25.6 కోట్లు, ఎస్‌ఎఫ్‌ఆర్‌కు 22 కోట్లు, బుయిగ్ టెలికాంకు 5.8 కోట్లు. 1997 నుంచి 2003 దాకా కొత్త చందాదారుల సంఖ్యలను ఒకరికొకరు చెప్పుకున్నారన్నది ఒక అభియోగం. 2000 నుంచి 2002 దాకా ఎవరి మార్కెట్ వాటా వారికే ఉండేలా ఒప్పందం చేసుకున్నారన్నది ఇంకొకటి. నెలనెలా అవతలివాడి లెక్క తెలిస్తే, ఎవరు ధర తగ్గించి జనాన్ని లాక్కుంటున్నారో వెంటనే పట్టేయవచ్చు. అలా తెలిసిపోతుందని తెలిశాక ఎవరూ ధర తగ్గించరు. ఇలాంటి రహస్య మార్పిడి ఆగాలంటే, ఆపకపోతే నష్టమన్న భయం ఉండాలి. అక్కడ జరిమానా పనికొస్తుంది.

రెండో రకం ఇంకా సూక్ష్మమైంది. ఎక్స్ఛేంజి నుంచి ఇంటిదాకా వెళ్లే తీగ పాత కంపెనీదే. కొత్త కంపెనీ మళ్లీ వీధులన్నీ తవ్వి తీగ వేయలేదు, పాత కంపెనీ దగ్గరే అద్దెకు తీసుకోవాలి. ఇప్పుడు పాత కంపెనీ ఆ తీగకు నెలకు 25 అద్దె అడుగుతూ, తన చందాదారుడికి మాత్రం సేవ మొత్తం 30కే అమ్మిందనుకోండి. కొత్త కంపెనీకి బిల్లింగ్, కాల్ సెంటర్, మోడెమ్ ఖర్చులు 8 అయితే, దానికి పడేది 33. తను ఎంత పొదుపుగా నడిపినా 30కి అమ్మలేదు. పోటీ చట్టంలో దీన్ని మార్జిన్ స్క్వీజ్ అంటారు. డాయిష్ టెలికాం కేసులో 1998 నుంచి 2001 దాకా తీగ అద్దె, తన సొంత చందాదారులు కట్టే నెలసరి చందా కంటే ఎక్కువే ఉండేది. 2003లో యూరోపియన్ కమిషన్ 1.26 కోట్ల యూరోల జరిమానా వేసింది. స్పెయిన్‌లో టెలిఫోనికాకు ఇదే తరహా తప్పుకు 2007లో 15 కోట్లకు పైగా పడింది.

ఇక్కడో విచిత్రమైన చిక్కుంది. అద్దె 25, అమ్మకం 30 అన్న అంతరాన్ని పెంచాలంటే అద్దె తగ్గించొచ్చు, లేదా అమ్మకం ధర పెంచొచ్చు. డాయిష్ టెలికాం కేసులో అద్దెను నియంత్రణ సంస్థే నిర్ణయించింది. అయినా అమ్మకం ధర పెంచి అంతరాన్ని సరిచేసే వెసులుబాటు కంపెనీకి ఉంది కదా అని న్యాయస్థానం జరిమానాను సమర్థించింది. ఆ మాటను యథాతథంగా పాటిస్తే వినియోగదారుడి బిల్లు ముందు పెరుగుతుంది. పోటీదారులు నిలదొక్కుకున్నాక తగ్గుతుందన్నది ఆశ. పోటీదారులు నిజంగా వస్తేనే ఆ ఆశ ఫలిస్తుంది. కాబట్టి ఇలాంటి కేసుల్లో జరిమానా ఎంత పెద్దదన్నది చూసి సంతోషించడం తొందరపాటు. ‘అద్దెను ఇంతకు తగ్గించు’ అన్న ఆదేశం ఉందో లేదో ముందు చూడాలి.

ధరతోనే కాదు, జాప్యంతోనూ రానివ్వకుండా చేయవచ్చు. పోలండ్‌లో టెలికోమునికాట్స్యా పోల్స్కా మీద 2011లో యూరోపియన్ కమిషన్ తేల్చిన తప్పులు చూడండి: ఒప్పందానికి అసంబద్ధమైన షరతులు పెట్టడం, చర్చలు సాగదీయడం, తీగల కోసం వచ్చిన దరఖాస్తులను తిరస్కరించడం, ఏ తీగ ఏ స్థితిలో ఉందో తప్పుడు సమాచారం ఇవ్వడం. జరిమానా 12.75 కోట్ల యూరోలు. విడివిడిగా చూస్తే ప్రతిదీ ఆఫీసు అలసత్వంలా కనిపిస్తుంది. అన్నీ కలిపితే కొత్త కంపెనీకి చందాదారుడిని చేర్చుకోవడమే గగనమవుతుంది.

మన దేశపు కేసు, దగ్గరగా

జియో 2016 సెప్టెంబరు 5న సేవలు మొదలుపెట్టాక దాని నెట్‌వర్క్ నుంచి మిగతావాటికి చేసిన కాల్స్‌లో చాలా భాగం కలవలేదు. ఎందుకు కలవలేదో అర్థం కావాలంటే ఇంటర్‌కనెక్షన్ పాయింట్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. రెండు నెట్‌వర్క్‌లు కలిసేచోట ఈ1 అనే పోర్టులుంటాయి. ఒక్కో ఈ1 మీద ఒకేసారి దాదాపు 30 కాల్స్ వెళ్లగలవు. 31వ కాల్ ఆ క్షణంలో వస్తే దారి దొరకదు. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రమాణం ప్రకారం ఈ చోట విఫలమయ్యే కాల్స్ వెయ్యికి ఐదు మించకూడదు. అలా ఉండాలంటే 30 దారులున్న పోర్టు మీద రద్దీ గంటలో సగటున 19 కాల్స్ మించి ఉండకూడదు. మిగతా దారులు ఒక్కసారిగా వచ్చే ఉప్పెన కోసం ఖాళీగా ఉండాలి. కాబట్టి అవసరమైన పోర్టుల్లో సగమే ఇస్తే విఫలమయ్యేవి వెయ్యికి పది అయి ఊరుకోవు. వందల్లోకి వెళ్తాయి. కొత్త కంపెనీ సిమ్ కొన్నవాడికి ‘ఈ నెట్‌వర్క్ పనికిరాదు’ అనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో వాడికి తెలిసే దారే లేదు.

జియోకు సరిపడా పోర్టులు ఇవ్వలేదంటూ 2016 అక్టోబరులో మూడు పాత కంపెనీలకు ట్రాయ్ మొత్తం 3,050 కోట్ల జరిమానా సిఫారసు చేసింది. లెక్క సూటిగా ఉంది: ఒక్కో సేవా ప్రాంతానికి (టెలికాం సర్కిల్‌కు) 50 కోట్లు. ఎయిర్‌టెల్‌కు 21 ప్రాంతాలు, 1,050 కోట్లు. వొడాఫోన్‌కు 21, మరో 1,050. ఐడియాకు 19, అంటే 950. లైసెన్సులు రద్దు చేయమని సిఫారసు చేయలేదు, చేస్తే వినియోగదారులే ఇబ్బంది పడతారని ట్రాయ్ కారణం చెప్పింది. ఆ కారణం సరైందే. కానీ దాని అర్థం ఏమిటంటే, కంపెనీ ఎంత పెద్దదైతే అంత పెద్ద శిక్ష వేయడం అసాధ్యమవుతుంది.

తర్వాత ఏమైంది? పోటీ చట్టం కింద విచారణ ఎవరు చేయాలన్న గొడవ మొదలైంది. సీసీఐ 2017లో దర్యాప్తుకు ఆదేశించింది, బాంబే హైకోర్టు కొట్టేసింది. ముందు ట్రాయ్ తన పరిధిలోని సాంకేతిక అంశాలు తేల్చాకే సీసీఐ రంగంలోకి దిగాలని 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు చెప్పింది. ట్రాయ్ సిఫారసును టెలికాం శాఖలో నిర్ణయాలు తీసుకునే డిజిటల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2019లో ఆమోదించింది. టెలికాం శాఖ డిమాండ్ నోటీసులు 2021లో వెళ్లాయి. ఈలోగా వొడాఫోన్, ఐడియా 2018లో ఒక్కటైపోయి అప్పుల్లో చిక్కుకున్నాయి. ఏ కొత్త కంపెనీని అడ్డుకున్నారని కేసు పెట్టారో అది దేశంలో అతి పెద్ద కంపెనీ అయి కూర్చుంది. 2016లో కాల్ కలవక విసిగిపోయిన మనిషికి 2021 నాటి నోటీసుతో ఏ సంబంధమూ లేదు.

ఇదే వ్యవహారంలో వినియోగదారుడికి నిజంగా పనికొచ్చిన సంగతి ఒకటుంది, దాన్ని పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. 2018 ఆరంభంలో ట్రాయ్ కొత్త ఇంటర్‌కనెక్షన్ నిబంధనలు తెచ్చింది. అడిగిన 30 రోజుల్లో ఒప్పందం కుదరాలి. వివక్ష చూపకూడదు. ఉల్లంఘిస్తే ఒక్కో సేవా ప్రాంతానికి రోజుకు లక్ష రూపాయల దాకా ఆర్థిక భారం. 3,050 కోట్ల పక్కన లక్ష ఎంత చిన్నదో! కానీ ఆ లక్ష రోజూ పెరుగుతుంది, ఏ రోజు నుంచి లెక్కో స్పష్టంగా ఉంటుంది.

ఆలస్యం మన దేశానికే పరిమితం కాదు. స్లొవేకియా కంపెనీ స్లొవాక్ టెలికాం తప్పు 2005లో మొదలై 2010లో ఆగింది. జరిమానా 2014లో పడింది. చివరి అప్పీలు 2021లో తేలింది. అంతేకాదు, ఆ కేసులో మాతృసంస్థ డాయిష్ టెలికాం మీద వేసిన జరిమానాలో దాదాపు 1.2 కోట్ల యూరోలు కోర్టు తగ్గించింది. అప్పటికే కట్టేసిన ఆ సొమ్మును కమిషన్ వెనక్కిస్తే సరిపోలేదు. ఇన్నాళ్లూ దగ్గరుంచుకున్నందుకు సుమారు 18 లక్షల యూరోల వడ్డీ కూడా కంపెనీకి చెల్లించాలని 2024లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. లెక్కలో పొరపాటు ఉంటే జరిమానా వేసినవాళ్లే ఎదురు కట్టాల్సి వస్తుంది. అందుకే నియంత్రణ సంస్థలు సంవత్సరాల తరబడి ప్రతి అంకెనూ తడిమి చూసుకుంటాయి. ఆ జాగ్రత్త తప్పు కాదు, కానీ ఆ కాలమంతా పాత ధరలే నడుస్తుంటాయి.

జరిమానాతో పాటు ఏముంటే ధర తగ్గింది

మెక్సికోలో టెల్‌సెల్‌కు మొబైల్ మార్కెట్లో దాదాపు 70 శాతం వాటా ఉండేది. ఇతర కంపెనీల చందాదారులు టెల్‌సెల్ నంబరుకు ఫోన్ చేస్తే, ఆ కాల్‌ను అందుకోవడానికి అది ఎక్కువ రుసుము గుంజేది. తన చందాదారుల మధ్య కాల్స్ మాత్రం అంతకంటే చౌకగా అమ్మేది. 2011 ఏప్రిల్‌లో అక్కడి పోటీ కమిషన్ దాదాపు 1,200 కోట్ల పెసోల జరిమానా వేసింది. ఏడాది తర్వాత ఆ జరిమానాను రద్దు చేసింది! బదులుగా ఆ రుసుమును దశలవారీగా తగ్గిస్తానని టెల్‌సెల్ రాసిచ్చింది. కంపెనీకి లొంగిపోయారని విమర్శలొచ్చాయి. నా దృష్టిలో మాత్రం వినియోగదారుడి వైపు నుంచి అది మెరుగైన బేరం. ఖజానాకు పోయే సొమ్ము వదులుకుని, ప్రతి కాల్ ఖర్చులో కోత సాధించారు. అయినా అసలు మార్పు 2013 రాజ్యాంగ సవరణ, 2014లో టెల్‌సెల్ మాతృసంస్థ అమెరికా మొవిల్ గ్రూపును ప్రాబల్య సంస్థగా ప్రకటించి దానికి మాత్రమే వర్తించే కఠిన షరతులు పెట్టడంతో వచ్చింది.

దక్షిణాఫ్రికాలో టెల్‌కామ్ కేసులు రెండూ పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. 1999 నుంచి 2004 మధ్య చేసిన తప్పుకు 2012లో 44.9 కోట్ల ర్యాండ్ల జరిమానా పడింది. రెండో కేసు 2013లో రాజీతో ముగిసింది: జరిమానా 20 కోట్లే, కానీ ఐదేళ్లలో 87.5 కోట్ల మేర ధరలు తగ్గించాలి, హోల్‌సేల్ విభాగాన్ని రిటైల్ నుంచి వేరు చేసి నడపాలి. పత్రికలో పెద్దగా కనిపించే అంకె మొదటిది. ఇంటర్నెట్ కొనేవాడికి మేలు చేసింది రెండోది. అదే దేశంలో 2019 చివర డేటా ధరల మీద పోటీ కమిషన్ బహిరంగ విచారణ ముగించి, తగ్గించకపోతే కేసు వేస్తామంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వోడాకామ్ 30 రోజుల 1 జీబీ ప్యాక్ ధరను 149 ర్యాండ్ల నుంచి 99కి దించింది. అందులో జరిమానా ప్రసక్తే లేదు.

బ్రిటన్‌లో 2017 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, అక్కడి పాత టెలికాం కంపెనీ బీటీకి 4.2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. ఈథర్‌నెట్ లైన్లు ఆలస్యమైతే పోటీ కంపెనీలకు బీటీ పరిహారం ఇవ్వాలి. బీటీ తీగల నెట్‌వర్క్‌ను నడిపే విభాగం ఓపెన్‌రీచ్, ఒప్పందంలోని ఒక వెసులుబాటును వాడుకుని గడువులను వెనక తేదీతో పొడిగించి ఆ పరిహారాన్ని తగ్గించుకుంది. జరిమానాతో ఆగలేదు: పోటీ కంపెనీలకు ఎగ్గొట్టిన పరిహారం, అంచనాగా 30 కోట్ల పౌండ్లు, చెల్లించమన్నారు. జరిమానాకు ఏడు రెట్లు. ఖజానాకు వెళ్లిన దానికంటే పోటీదారుల చేతికి వెళ్లిందే ఎక్కువ, వాళ్లు దానితో మళ్లీ పోటీ పడగలరు. అదే నెలలో ఓపెన్‌రీచ్‌ను బీటీ నుంచి చట్టపరంగా వేరుచేసేందుకూ ఒప్పందం కుదిరింది.

ఫ్రాన్స్‌లో 53.4 కోట్ల జరిమానా తర్వాత ధరలు ఒక్కసారిగా పడిపోలేదు. పడింది నాలుగో కంపెనీ వచ్చాక. 2009 చివర నాలుగో మొబైల్ లైసెన్సు ఫ్రీ సంస్థకు దక్కింది. 2012 జనవరి 10న అది నెలకు 19.99 యూరోలకు అపరిమిత కాల్స్, 2 యూరోలకు చిన్న ప్లాన్ ప్రకటించింది. దానికి ముందే, 2011లోనే, పాత మూడు కంపెనీలూ బీ అండ్ యూ, సోష్, రెడ్ పేర్లతో ఏ కాలపరిమితీ లేని చౌక ప్లాన్లు తెచ్చేశాయి. పోటీదారు గుమ్మంలో ఉన్నాడని తెలిస్తే చాలు, ధర దిగుతుంది. కుమ్మక్కును శిక్షించడం అవసరమే. కానీ ముగ్గురే ఉన్న మార్కెట్లో మాట్లాడుకోకుండానే ఒకరిని చూసి ఒకరు ధర పట్టి ఉంచగలరు, దాన్ని ఏ చట్టమూ నేరమనదు.

నష్టపోయినవాడి చేతికి డబ్బు

ఉల్లంఘన తేల్చిన ఉత్తర్వుకు ఇంకో ఉపయోగం ఉంది: దాన్ని ఆధారంగా చూపి నష్టపరిహారం కోరవచ్చు. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన ఆదేశం ప్రకారం, దేశీయ పోటీ సంస్థ తుది నిర్ణయమే ఆ దేశ కోర్టులో తప్పుకు తిరుగులేని రుజువు. దావా వేయడానికి కనీసం ఐదేళ్ల గడువుంటుంది. మన పోటీ చట్టంలోనూ 53ఎన్ సెక్షన్ కింద అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి పరిహారం అడిగే వీలుంది.

వీలుండటం వేరు, రావడం వేరు. ఒక్కొక్కరి నష్టం వందల్లోనో యాభైల్లోనో ఉంటుంది, వకీలు ఖర్చు దానికి పదింతలు. ఫ్రాన్స్‌లో మొబైల్ కుమ్మక్కు మీద యూఎఫ్‌సీ క్ షువజీర్ అనే వినియోగదారుల సంఘం 12 వేల మందికి పైగా చందాదారుల తరఫున బుయిగ్ మీద దావా నడిపింది. ఇంటర్నెట్ ద్వారా జనాన్ని కూడగట్టిన తీరు చట్టవిరుద్ధమని కింది కోర్టుల నుంచి 2011 మేలో అత్యున్నత న్యాయస్థానం దాకా తిరస్కరించాయి. ఎవరికీ పైసా రాలేదు. సామూహిక దావాలకు వీలిచ్చే చట్టం అక్కడ 2014లో గానీ రాలేదు.

ఇటలీ కథలో ఇంకో పాఠం ఉంది. అక్కడి కంపెనీలు నెలకు బదులు 28 రోజులకోసారి బిల్లు వేయడం మొదలుపెట్టాయి. ఏడాదికి 12 బదులు 13 కంటే కాస్త ఎక్కువ బిల్లులు, అంటే 8.6 శాతం పెంపు. 2017 చివర చట్టం తెచ్చి నెలవారీకి మార్చమంటే, నాలుగు కంపెనీలూ నెల బిల్లును సరిగ్గా ఆ 8.6 శాతం మేర పెంచాయి. ఇది కుమ్మక్కేనని పోటీ సంస్థ 2020 జనవరిలో మొత్తం 22.8 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2021లో లాట్సియో పరిపాలనా న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. కానీ టెలికాం నియంత్రణ సంస్థ విడిగా ఇచ్చిన ఆదేశం, చందాదారులు కోల్పోయిన రోజులను వాళ్లకు తిరిగి ఇవ్వాలన్నది, కోర్టుల్లో నిలిచింది. ఖజానాకు రావలసింది ఆగిపోయింది, జనానికి రావలసింది మిగిలింది.

అన్నిటికంటే నేరుగా పనిచేసేది, అడగకుండానే వచ్చే పరిహారం. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ 1న మొదలైన పథకంలో, చెడిపోయిన లైను రెండు పనిదినాల్లో బాగుచేయకపోతే ఆ తర్వాత రోజుకు 8 పౌండ్లు, కొత్త కనెక్షన్ ఆలస్యమైతే రోజుకు 5, చెప్పిన వేళకు మనిషి రాకపోతే 25 పౌండ్లు బిల్లులో తగ్గిపోయేలా పెట్టారు. ఫిర్యాదు చేయనక్కర్లేదు, అప్పీలు తేలేదాకా ఆగనక్కర్లేదు.

ఉత్తర్వు చేతికొస్తే ఏం చూడాలి

ముందు ఆదేశాల పేరాకు వెళ్లండి. ‘ఇకపై ఇలాంటి పద్ధతులు మానుకోవాలి’ అన్న ఒక్క వాక్యమే ఉంటే ఆ ఉత్తర్వు వల్ల బిల్లు తగ్గే అవకాశం తక్కువ, ఎందుకంటే ఏం చేస్తే మానుకున్నట్టో అందులో లేదు. హోల్‌సేల్ ధర అంకెల్లో ఉందా, పోర్టులు లేదా తీగలు ఇవ్వడానికి రోజుల గడువు రాశారా, తన సొంత రిటైల్ విభాగానికి ఎన్ని రోజుల్లో ఇస్తోందో పోటీదారులకూ అన్ని రోజుల్లోనే ఇస్తున్నట్టు ప్రతి మూడు నెలలకూ అంకెలు బయటపెట్టమన్నారా అని చూడండి. ఆ అంకెలు కొలిచేది కంపెనీయేనా, బయటి ఆడిటరా అన్నది కూడా ముఖ్యం. కంపెనీయే కొలిస్తే, ఆలస్యమైన దరఖాస్తును ‘అసంపూర్ణం’ అని తిప్పిపంపి, మళ్లీ వచ్చిన రోజు నుంచి గడియారం మొదలుపెట్టడం పాత ఎత్తు.

తర్వాత రోజువారీ జరిమానా కోసం వెతకండి. యూరోపియన్ నిబంధన 1/2003లోని 24వ అధికరణం ప్రకారం, ఆదేశం పాటించని కంపెనీ మీద సగటు రోజువారీ టర్నోవర్‌లో 5 శాతం దాకా రోజుకింత చొప్పున వేయవచ్చు. పై లెక్కలోని కంపెనీకి అది రోజుకు సుమారు 33 లక్షల రూపాయలు, నెలకు దాదాపు 10 కోట్లు. అంటే నెలనెలా అదనంగా గుంజుతున్న 10 కోట్లతో సమానం. ఆలస్యం చేయడంలో లాభం అక్కడితో పోతుంది. అప్పీలు వేసినప్పుడు జరిమానా మీద స్టే ఇచ్చినా, ఆదేశాల మీద స్టే ఇవ్వకుండా ఉంటే ఇంకా మంచిది. స్టే వార్త వచ్చినప్పుడు దేని మీద ఇచ్చారో చదవాలి.

ఉత్తర్వు వచ్చిన ఏడాదికి నాలుగు అంకెలు తీసి పోల్చండి: పోటీదారులు కడుతున్న హోల్‌సేల్ ధర, కనెక్షన్ ఇవ్వడానికి పట్టిన సగటు రోజులు, నంబరు మార్చుకోకుండా కంపెనీ మారిన చందాదారుల సంఖ్య, అతి పెద్ద కంపెనీ మార్కెట్ వాటా. నాలుగూ అంతకుముందున్నట్టే ఉంటే, జరిమానా ఎంతైనా సరే, మార్కెట్‌కు సంబంధించినంతవరకు ఆ కేసు ఇంకా ముగియలేదు.